మొప్ప ఎత్తి చూడకుండా పాట పాడొద్దు

మా ఊరు మైపాడు పక్కన. పొద్దున్నే పడవలు ఒడ్డుకు రాగానే ఇసుక మీద చేపలు కుప్పపోసి పాట పెడతారు. పాడేవాళ్లు ముందు కుప్ప దగ్గర గొంతుక్కూర్చుంటారు. ఒక చేపను తీసి మొప్ప ఎత్తి చూస్తారు, ఎర్రగా ఉందా నల్లబడిందా అని. కన్ను చూస్తారు. వేలితో నొక్కి, సొట్ట పడి అట్నే ఉంటుందా పైకి లేస్తుందా అని చూస్తారు. ఇంత చూశాక గానీ నోట్లోంచి రేటు రాదు. రెండు మూడు వేల సరుక్కి ఇంత తతంగం.

అదే ఒడ్డున పెరిగిన మా చిన్నాయన పోయిన ఏడాది 2,85,000 రూపాయల కారును ఎనిమిది ఫోటోలు చూసి పాడాడు. పాట ఆయనది, మౌస్ నొక్కిన వేలు నాది. అందుకే ఇది రాస్తున్నా.

మా నాయనమ్మకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ప్రతిసారీ నెల్లూరుకు బాడుగ కారు. బాడుగలు రాసుకునే నోటుపుస్తకం నిండిపోయిన రోజున "సొంతంగా ఒక బండి ఉంటే పోలా" అన్నాడు చిన్నాయన. రొయ్యల గుంటలు చేసేవాళ్ల చేతిలో డబ్బు పట్టుబడి రోజు కనిపిస్తుంది, మేత బాకీ కట్టే రోజుకు మాయమవుతుంది. కొత్త కారు మాటే లేదు. వాయిదాలు కట్టకపోతే ఫైనాన్స్ వాళ్లు లాక్కున్న బండ్లు ఆన్‌లైన్ వేలంలో చవగ్గా వస్తాయని ఎవరో చెప్పారు. ఇంట్లో ఇంజనీరింగ్ చదివేది నేనొక్కణ్ణే. "ల్యాప్‌టాప్ ఉంది గదా అబ్బయ్యా, నువ్వే చూడు" అన్నాడు.

చూశాను. ఏడు సీట్ల డీజిల్ బండి, తమిళనాడు రిజిస్ట్రేషన్. మొదలు ధర 2,40,000. డిపాజిట్ 25,000. బండిని చూసుకోవడానికి గురు, శుక్రవారాలు, పొద్దున 10 నుంచి సాయంత్రం 4 దాకా. యార్డు చెన్నై శివార్లలో, నెల్లూరు నుంచి 175 కిలోమీటర్ల దాకా ఉంటుంది. డిపాజిట్ కట్టడానికి కూడా శుక్రవారమే ఆఖరు. గురువారం మా గుంట పట్టుబడి, నాకేమో ఇంటర్నల్స్. "కడదాం చిన్నాయనా, పాటలో రాకపోతే తిరిగొస్తుంది గదా" అన్నది నేనే.

పాట రాకపోతే తిరిగొస్తుంది, నిజమే. వస్తే ఏమవుతుందో మేం ఆలోచించలేదు.

సోమవారం సాయంత్రం హాస్టల్ రూంలో నేను, ఫోన్లో చిన్నాయన. ఆఖరి ఐదు నిమిషాల్లో ఎవరైనా పాడితే టైం ఇంకో ఐదు నిమిషాలు పెరుగుతుంది. అట్లా ఆరేడుసార్లు పెరిగింది. రూంలో ఫ్రెండ్స్ క్రికెట్ మ్యాచ్ చూసినట్టు వెనక నిలబడి చూస్తున్నారు. "కొట్రా అబ్బయ్యా, ఇంకో ఐదు వేలు" అంటున్నాడు చిన్నాయన. 2,85,000 దగ్గర అవతలివాడు ఆగిపోయాడు. రూమంతా కేకలు. నాకు కూడా ఏదో సాధించినట్టే అనిపించింది.

బుధవారం మా మెకానిక్ భాయ్‌ను వెంటబెట్టుకుని యార్డుకు పోయాం. పైకి బండి ఫోటోల్లో ఉన్నట్టే ఉంది. భాయ్ బానెట్ జోలికి పోకుండా ముందు డిక్కీ తెరిచాడు. కార్పెట్ ఎత్తి, స్టెప్నీ తీసి, ఆ గుంతలో వేలు పెట్టి చూపించాడు. సన్నటి ఒండ్రు. తర్వాత సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగాడు. రోజూ బయట కనిపించే భాగం శుభ్రంగా ఉంది, లోపల చుట్టుకుని ఉండే భాగం మీద మాత్రం అడ్డంగా గోధుమరంగు గీత. డాష్‌బోర్డు కింద టార్చ్ వేస్తే వైర్ల కనెక్టర్లు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. "ఇది నీళ్లలో నిలబడిన బండి సార్. సీట్ల దాకా మునిగింది" అన్నాడు. బాగు చేయడానికి ఎంతవుతుందని అడిగితే లక్షా నలభై దాకా చెప్పి, అయినా గ్యారంటీ లేదన్నాడు.

మిగతా 2,60,000 కట్టి ఆ బండి తెచ్చుకోవాలి. లేదంటే 25,000 వదులుకోవాలి. చిన్నాయన వదులుకున్నాడు. వచ్చేటప్పుడు నాయుడుపేట దగ్గర టీకి ఆగాం. నన్ను ఒక్క మాట అనలేదు. గ్లాసు కింద పెడుతూ "మొప్ప ఎత్తి చూడకుండా చేప కొన్నోణ్ణి కాదురా నేను" అన్నాడు, అంతే. ఆ 25,000 నాయనమ్మకు ఎన్ని ట్రిప్పుల బాడుగో నాకు తెలుసు. నోటుపుస్తకంలో కూడేది నేనే.

ఇంటికొచ్చాక ఆ వేలం నిబంధనలు మొదటిసారి పూర్తిగా చదివాను. పాటకు ముందు చదవాల్సినవి. అందులో దాదాపు అన్ని వేలాల్లో ఉండే మాటే ఉంది. బండి ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే అమ్ముతారు. దాని కింద ఇంకో మాట: పాటలో పాల్గొన్నవారు బండిని స్వయంగా తనిఖీ చేసుకుని తృప్తి పడినట్టుగానే భావిస్తారు. ఆ పక్కన నేను కొట్టిన టిక్. అంటే చిన్నాయన పట్టుబడి వలల దగ్గర మోకాలిలోతు నీళ్లలో ఉన్న రోజున, ఆయన చెన్నైలో బండి చూసి తృప్తి పడ్డాడని నేను హాస్టల్ నుంచి రాసిచ్చాను.

ఈ తనిఖీ మాట ఉత్తి లాంఛనం కాదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్ చూడండి. సరుకును కొనేవాడు ముందే పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపాల గురించి తర్వాత నాణ్యత పేరుతో అడిగే వీలు ఉండదు. వేలం నిబంధనలేమో మనం చూసినా చూడకపోయినా చూసినట్టే లెక్క అంటాయి. డిపాజిట్ విషయంలో 2015లో కైలాష్ నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు, నష్టమే జరగనప్పుడు బయానా మొత్తాన్ని మింగేయడం కుదరదని చెప్పింది. వినడానికి బాగుంది. కానీ అదే తీర్పులో, బహిరంగ వేలంలో ఒప్పందం కుదరకముందే నిబంధనల ప్రకారం జప్తయ్యే డిపాజిట్‌కు కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ వర్తించదని కూడా ఉంది. 25,000 కోసం ఈ మెలికలన్నీ విప్పించుకోవాలంటే లాయరు ఫీజే అంతకు మించుతుంది.

తెలుగులో డిపాజిట్‌కు పాత ఆఫీసు మాట ఒకటుంది, ధరావతు. ఎన్నికలప్పుడు పేపర్లో "ధరావతు గల్లంతు" అని చదివి నవ్వుకుంటాం. లోక్‌సభకు జనరల్ అభ్యర్థి కట్టే ధరావతు 25,000. మా చిన్నాయన కట్టింది కూడా సరిగ్గా అంతే. అభ్యర్థి దగ్గర డబ్బు ఎందుకు కట్టించుకుంటారు? సరదాకి నిలబడకుండా. వేలంలోనూ అంతే. పాడి పారిపోకుండా. అందులో తప్పేం లేదు. డిపాజిట్ లేకపోతే మా రూం వెనక నిలబడి కేకలేసిన నలుగురూ తలా ఒక లక్ష పెంచి నవ్వుకునేవాళ్లు.

నా ఫిర్యాదు వేరే. కొనేవాడు నిజాయితీగా ఉండటానికి ధరావతు ఉంది. బండి గురించి అమ్మేవాడు చెప్పే మాటకు ధరావతు ఏది? మేం మాట తప్పితే 25,000 పోయింది. ఆ ఎనిమిది ఫోటోల్లో డిక్కీ లోపల ఒక్కటి కూడా లేనందుకు అవతలివాళ్లకు పోయింది సున్నా.

"చవగ్గా వస్తున్నదే రిస్కు ఉంది కాబట్టి" అంటారు కొందరు. మా క్లాసులోనే ఒకడు అన్నాడు. ఫైనాన్స్ కంపెనీ బండి నడపలేదు, దానికి చరిత్ర తెలియదు, ఉన్నది ఉన్నట్టు అమ్ముతోంది, ఆ రిస్కుకే ధర తగ్గింది అని. సగం ఒప్పుకుంటా. కానీ రిస్కుకు రేటు కట్టాలంటే ఆ రిస్కు ఎంతో కనపడాలి గదా. ఒడ్డు మీద మెత్తబడిన చేపను కూడా కొంటారు, ఉప్పు చేపల రేటుకు. మెత్తబడిందని తెలిసి కొంటారు. మాకు ఉప్పు చేపను పచ్చి చేప రేటుకు పాడే అవకాశం ఇచ్చారు.

మన వైపు ఈ భయం ఎందుకు ఎక్కువుండాలో చెప్తాను. 2015 చివర్లో చెన్నై మునిగింది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను చెన్నైని మళ్లీ ముంచి, నెల్లూరును తడిపి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. 2021 నవంబర్‌లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే దెబ్బతిన్నాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ మీద పడింది. ఆ వీధుల్లో పైకప్పులు మాత్రమే తేలిన కార్ల ఫోటోలు మనందరం చూశాం. ఆ కార్లన్నీ ఏమయ్యాయి? బాగుచేసే ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ బండిని పూర్తి నష్టం కింద లెక్కగట్టి యజమానికి డబ్బిచ్చేస్తుంది. మిగిలిన బండి ఎక్కువ పాడినవాడికి పోతుంది. అది తుక్కుకే పోవాలని లేదు. కడిగి, తుడిచి, సెంటు కొట్టి మళ్లీ రోడ్డెక్కించొచ్చు. చెన్నైకి, విజయవాడకి మధ్య జాతీయ రహదారి 16 మీద ఉన్నాం మనం. రెండు వైపుల నుంచీ మునిగిన బండి మనదాకా రావడానికి ఒక రాత్రి చాలు.

మన ఆర్‌సీలో బండి రంగు ఉంటుంది, ఛాసిస్ నంబర్ ఉంటుంది, అప్పు ఎవరి దగ్గరుందో ఉంటుంది. వరదలో మునిగిందనో, పూర్తి నష్టం కింద బీమా తీసుకున్నారనో చెప్పే గడి మాత్రం లేదు. డల్లాస్‌లో ఎంఎస్ చేస్తున్న మా సీనియర్ ఒకాయన, అక్కడ మనవాళ్లు చాలామంది ఇలాంటి వేలాల్లోంచి వచ్చిన కార్లే కొంటారని చెప్పారు. ఆ వ్యాపారంలో పెద్దదైన కోపార్ట్ ఆఫీసు కూడా డల్లాస్‌లోనే. 2017లో హార్వీ తుపాను హ్యూస్టన్‌ను ముంచినప్పుడు అక్కడా లక్షల బండ్లు మునిగాయి. కానీ అక్కడ బీమా కంపెనీ పూర్తి నష్టం అన్న బండి టైటిల్ మీద "సాల్వేజ్" ముద్ర పడుతుంది. బాగుచేసి మళ్లీ రోడ్డెక్కించినా "రీబిల్ట్" అనే ముద్ర మిగులుతుంది. రాష్ట్రాల రికార్డులను కలిపే జాతీయ డేటాబేస్ ఉంది, కొద్ది డాలర్లతో ఎవరైనా చూసుకోవచ్చు. మోసాలు అక్కడా ఉన్నాయి. అయినా అడిగితే జవాబు చెప్పే కాగితం ఒకటుంది. మనకు వాహన్ డేటాబేస్ ఉంది, బీమా కంపెనీల దగ్గర లెక్కలున్నాయి. రెండూ కలిపి ఒక గడి పెట్టడం మనలాంటి వాళ్లకు మినీ ప్రాజెక్టంత పని. ఆ నిర్ణయం తీసుకోవాల్సినవాళ్లు తీసుకోవాలి.

అంటే ఆన్‌లైన్ వేలమే తప్పంటానా? అనను. మన జిల్లాలోనే కలిగిరి, డీసీపల్లిలో పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్నాయి. అక్కడ కూడా పాట ఎలక్ట్రానిక్ పద్ధతిలోనే. కానీ బేళ్లు ముందు వరసగా నేల మీద పేరుస్తారు. కొనేవాళ్లు ఆ వరసల మధ్య నడుస్తూ ఆకు చేత్తో పట్టి, రంగు చూసి, చేతిలోని పరికరంలో రేటు కొడతారు. రేటు చెప్పేది మిషనే, అయినా చెయ్యి మాత్రం ఆకు మీదే ఉంటుంది. పొగాకుకు చేయగలిగింది కారుకు ఎందుకు చేయలేం?

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. బండి చూడటం డిపాజిట్‌కు ముందు ఉండాలి, తర్వాత కాదు. చూసే రోజుల్లో ఒక ఆదివారం ఉండాలి, పనిచేసుకునేవాళ్లు రాగలిగేలా. బండి ఎక్కడో దూరాన ఉంటే డిక్కీ గుంత, సీటు బెల్టు చివర, డాష్‌బోర్డు కింద వైర్లు, చల్లగా ఉన్న ఇంజన్ స్టార్ట్ చేసిన వీడియో పెట్టాలి. మునిగిన బండి అని తెలిసీ చెప్పకపోతే డిపాజిట్ పూర్తిగా తిరిగివ్వాలి. పాటలో ఓడినవాళ్ల డబ్బు ఎన్ని రోజుల్లో వస్తుందో తేదీతో చెప్పాలి.

అవి జరిగేదాకా మన జాగ్రత్త మనదే. మేం దెబ్బతిని నేర్చుకున్నవి చెప్తా, పనికొస్తాయి.

ముందు వేలం ఎవరిదో తెలుసుకోండి. బ్యాంకు లాక్కున్న బండి ఒక రకం, బీమా కంపెనీ అమ్మే బండి ఇంకో రకం, ఎమ్‌ఎస్‌టీసీ లాంటి సంస్థ ద్వారా ప్రభుత్వం అమ్మే పాత బండి మరో రకం. బీమా వేలంలోదైతే దెబ్బతిన్న బండి అనే లెక్కలో దిగండి. ఫైనాన్స్ బండైతే ఆర్‌సీ ఇప్పుడెవరి పేరున ఉందో, ఫైనాన్షియర్ ఫారం 36తో తన పేరున కొత్త ఆర్‌సీ తీసుకున్నాడో లేదో, అప్పు రద్దుకు ఫారం 35 ఇస్తారో లేదో అడగండి. ప్రభుత్వ వేలంలో కొంటే బండి చేతికొచ్చిన 30 రోజుల్లో ఫారం 32 పెట్టుకోవాలి. తమిళనాడు బండైతే ఎన్‌ఓసీ, మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ అదనం. పాత చలానాలు, యార్డు అద్దె, వేలం ఫీజు, జీఎస్టీ, తెచ్చుకునే ఖర్చు అన్నీ కలిపాక వచ్చేదే అసలు రేటు. ఆ లెక్క కాగితం మీద రాసి, దాని కింద మీ ఆఖరి అంకె రాసి, పాట రోజు ఆ కాగితం ఎదురుగా పెట్టుకోండి. ఐదేసి నిమిషాలు పెరిగేకొద్దీ బుర్ర పనిచేయదు, నేను చూశాను.

డిపాజిట్ ఎవరి ఖాతాలో పడుతుందో చూడండి. మనిషి పేరు మీదున్న యూపీఐకి పంపమంటే అది వేలమే కాదు. బ్యాంకు పేరు చెప్పి నకిలీ ప్రకటనలు పెట్టేవాళ్లు, ఆర్మీలో ఉన్నాను, బదిలీ అయింది, ముందు టోకెన్ పంపు అనేవాళ్లు ఉన్నారు. ప్రకటనలో ఉన్న నంబర్‌కు కాకుండా మీరే వెతికి పట్టుకున్న బ్రాంచి నంబర్‌కు ఫోన్ చేసి అడగండి. డబ్బు పోయిందనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

అన్నిటికన్నా ముందు, మెకానిక్‌ను తీసుకుని పోయి చూడండి. పోలేకపోతే ఆ పాట మనది కాదు అనుకోండి. మాకు ఆ చూసే ఖర్చు బస్ చార్జీలు, భాయ్ ఒక రోజు కూలీ కలిపి మూడు వేలు దాటేది కాదు. దాన్ని మిగుల్చుకుని 25,000 పోగొట్టుకున్నాం.

మనకో మాట. మనలో చాలామంది ఇళ్లల్లో ఆన్‌లైన్ పనులన్నీ మన చేతే చేయిస్తారు. చిన్నాయన, మామయ్య, అత్త, ఎవరికైనా "వాడు ఇంజనీరింగ్ గదా, వాడికి తెలుసు" అనే నమ్మకం. ఆ నమ్మకంతోనే వాళ్ల డబ్బు మన టిక్ మీద కదులుతుంది. కాబట్టి ఆ టిక్‌కు ముందు నిబంధనలు వాళ్లకు తెలుగులో చదివి వినిపించండి. పోతే ఎంత పోతుందో ఆ అంకె పైకి చెప్పండి. నేను ఆ రోజు "25,000 పోవచ్చు చిన్నాయనా" అని ఒక్క మాట అని ఉంటే, ఆయన పట్టుబడి ఎవరికైనా అప్పజెప్పి చెన్నై బస్సెక్కేవాడు.

పోయిన నెల మళ్లీ ఒక బండి చూడటానికి పోయాం, ఈసారి ఒంగోలు వైపు. డిపాజిట్ కట్టలేదు. మెకానికల్ చదివే మా ఫ్రెండ్ ఓబీడీ స్కానర్ తెచ్చాడు, భాయ్ టార్చ్ తెచ్చాడు. యార్డు అతను స్టార్ట్ చేయనిచ్చాడు. బండి మునగలేదు గానీ అడుగున ఉప్పు గాలికి ఛాసిస్ తుప్పు పట్టిపోయింది. చిన్నాయన కింద పడుకుని చూసి, లేచి, చొక్కా దులుపుకుని "పోదాం పద" అన్నాడు. నాయనమ్మ ఇంకా బాడుగ కారులోనే పోతోంది. ఇంకా వెతుకుతున్నాం.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి వేలానికి డిపాజిట్ కట్టబోతుంటే మాకు చెప్పండి. స్కానర్ మా రూంలోనే ఉంది. ఆదివారమైతే మేమే వస్తాం.